కొలనోస్కోపీ అంటే భయంతో నిద్ర పట్టట్లేదు, వెళ్ళాలా వద్దా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా: వయసు 46, ఊరు ఖమ్మం. రెండు నెలలుగా మోషన్‌లో అప్పుడప్పుడూ రక్తం పడుతోంది. మొలలనుకుని ఆయింట్‌మెంట్ వాడారు, తగ్గలేదు. హైదరాబాద్‌లో గ్యాస్ట్రో డాక్టరు వచ్చే వారానికి కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) రాశారు, ఆ రోజు నుంచి మీకు నిద్ర లేదు. బంధువుల్లో ఒకావిడ "నేనైతే అరిచేశాను" అని చెప్పారు, ఇంట్లోవాళ్ళేమో స్కానింగ్‌తో సరిపెట్టుకోమంటున్నారు, పైగా సిగ్గు. పీరియడ్స్ కూడా సరిగ్గా ఆ తేదీకే వచ్చేలా ఉన్నాయి.

వెళ్ళండి, వాయిదా వేయకండి. మత్తు ఇచ్చి చేస్తే నొప్పి దాదాపు తెలియదు, మత్తు లేకుండా చేసినా కడుపు ఉబ్బరించి మెలిపెట్టినట్టు కాసేపు ఉంటుంది, చాలామంది ఓర్చుకుంటారు. ఇక టెన్షన్ పూర్తిగా పోగొట్టే మందు నా దగ్గర లేదు గానీ, సగానికి పైగా తగ్గించే పని ఒకటుంది: భయంగా ఉందని అక్కడి స్టాఫ్‌కి వెళ్ళగానే నోరు తెరిచి చెప్పండి. ఇదేం సలహా అనుకోకండి, చెప్తే ఏం మారుతుందో కింద రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఒక ఎండోస్కోపీ యూనిట్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సుని. పేషెంటు గౌను వేసుకుని బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి, మెలకువ వచ్చి "అయిపోయిందా? అప్పుడేనా?" అని అడిగేదాకా పక్కన ఉండేది మేమే. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు చెప్పిందే ఫైనల్.

భయం అని అందరూ ఒకే మాట అంటారు గానీ, కాస్త కదిపితే ఒక్కొక్కరిది ఒక్కో భయం. కొందరికి పైపు భయం. కొందరికి మత్తులోంచి మళ్ళీ లేస్తామో లేదోనని. ఆడవాళ్ళలో చాలామందికి, మగవాళ్ళలో వాళ్ళు ఒప్పుకోకపోయినా చాలామందికి, సిగ్గు. అన్నిటికన్నా కింద ఉండేది, ఎవరూ పైకి అననిది, "ఏదైనా బయటపడితే" అనేది. మీది వీటిలో ఏదో ఒకసారి మీకు మీరే తేల్చుకోండి, ఎందుకంటే పైపు భయానికి చెప్పాల్సిన జవాబు వేరు, రిజల్ట్ భయానికి వేరు.

ముందు పైపు సంగతి. అది వేలు మందాన ఉండే మెత్తటి గొట్టం, ఎటు కావాలంటే అటు వంగుతుంది, చివర చిన్న కెమెరా, లైటు. పెద్దపేగు సుమారు మీటరున్నర ఉంటుంది, గొట్టం కూడా దానికి తగ్గట్టే పొడుగు. టేబుల్ పక్కన వేలాడుతుంటే చూసి "ఇదంతా లోపలికా?" అని అందరూ అడుగుతారు, అందుకే నేను పేషెంటుని దానికి వీపు తిప్పి పడుకోబెడతాను, ఎలాగూ ఎడమ పక్కకి తిరిగి మోకాళ్ళు పొట్ట దగ్గరికి ముడుచుకోవాలి కాబట్టి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పేగు లోపలి పొరని గిల్లినా, చిన్న ముక్క కోసినా నొప్పి తెలియదు. నొప్పి వచ్చేది పేగు సాగినప్పుడు. లోపల కనిపించాలని గాలి పంపిస్తారు, గొట్టం మలుపు తిరిగేటప్పుడు పేగు కొంచెం లాగినట్టవుతుంది, ఆ నొప్పే మీ బంధువు చెప్పింది. ఆవిడకి మత్తు ఇచ్చారో లేదో కనుక్కోండి. మన దగ్గర ఖర్చు తగ్గుతుందనో, వెంట ఎవరూ రాలేదనో మత్తు లేకుండా చేయించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందులో తప్పేం లేదు, ఓర్పు ఉంటే బాగానే అయిపోతుంది, స్క్రీన్ మీద తమ పేగు తామే చూస్తూ డాక్టరుని ప్రశ్నలు అడిగేవాళ్ళూ ఉన్నారు. మీ అంత భయం ఉన్నవాళ్ళకి మాత్రం మత్తు తీసుకోమనే చెప్తాను.

ఇప్పుడు చెప్తే ఏం మారుతుందో. పేషెంటు భయపడుతోందని మాకు ముందే తెలిస్తే, వీలైతే పొద్దున మొదటి స్లాట్లలోనే పిలుస్తాం, బెంచీ మీద గంటలు కూర్చుని పక్కవాళ్ళ కథలు వినే బాధ తప్పుతుంది. సెలైన్ సూది లోపల టేబుల్ మీద కాకుండా బయటే, మాటల్లో పెట్టి ఎక్కిస్తాం. మత్తు డాక్టరుకి చెప్తాం. మామూలు గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడే సదుపాయం ఉంటే అది అడుగుతాం, అది ఒంట్లో త్వరగా ఇంకిపోతుంది, తర్వాత ఉబ్బరం తక్కువ. మత్తు లేకుండా చేయించుకునేవాళ్ళయితే "చెయ్యి ఎత్తితే ఆపేస్తారు" అని ముందే మాట తీసుకుంటాం, నిజంగానే ఆపుతారు. ఇవేవీ కొత్త మర్యాదలు కావు, అడగనివాళ్ళకి గుర్తుపెట్టుకుని చేసే తీరిక ఉండదు, అంతే. బిగుసుకుపోయి, పళ్ళు బిగపట్టి, "నాకేం భయం లేదు సిస్టర్" అనేవాళ్ళతోనే మాకు తిప్పలు. బీపీ ఎక్కడికో పోయి ఉంటుంది, పొట్ట కండరాలు రాయిలా ఉంటాయి, గొట్టం ముందుకి పోవడం కష్టమవుతుంది.

దీన్ని మించిన తప్పు కొన్ని ఇళ్ళల్లో జరుగుతుంది, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎప్పుడైనా ఈ పరీక్ష రాస్తే పనికొస్తుందని చెప్తున్నాను. ఒక పెద్దాయన, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. కొడుకులిద్దరూ "నాన్నకి చెప్తే రాడు" అని, "స్కానింగ్ నాన్నా, పొట్ట మీద జెల్లీ రాసి చూస్తారు" అని తీసుకొచ్చారు. పేగు శుభ్రం కావడానికి ముందు రోజు తాగించిన పౌడరేమో "స్కానింగ్‌లో బాగా కనపడాలని" అట. వెనక చీలిక ఉన్న ప్యాంటు చేతికిచ్చేసరికి ఆయనకి సంగతి అర్థమైంది. అరవలేదు, ఏడవలేదు, వేసుకున్న చెప్పులు విప్పకుండా తిన్నగా లిఫ్టు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన్ని వెనక్కి తీసుకురావడానికి కొడుకులు పనికిరాలేదు, వాళ్ళ మాట నమ్మే స్థితిలో ఆయన లేరు. మా డాక్టరు గారు బయటికొచ్చి, పక్కన కూర్చుని, కాగితం మీద పేగు బొమ్మ గీసి, ఎక్కడి దాకా వెళ్తారో, ఎందుకు వెళ్తారో చెప్పారు. ఆయన అడిగింది ఒక్కటే: "నా ఒంటి మీద గుడ్డ ఉంటుందా?" ఉంటుందని చెప్పాక వచ్చి పడుకున్నారు. చెప్పకుండా తీసుకొస్తే మనిషి భయం తగ్గదు, ఎవరినీ నమ్మలేని భయంగా మారుతుంది. కాబట్టి దయచేసి ఎవరికీ అలా చేయకండి.

మీ సిగ్గుకి కూడా అదే జవాబు. గుడ్డ ఉంటుంది. ఆ ప్యాంటుకి వెనక చిన్న చీలిక తప్ప మిగతా ఒళ్ళంతా కప్పే ఉంటుంది, పైన దుప్పటి వేస్తాం. గదిలో ఉండేది డాక్టరు, ఒక నర్సు, ఒక టెక్నీషియన్, మత్తు డాక్టరు. లేడీ డాక్టరు కావాలంటే అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి, ఆ రోజు పొద్దున అడిగితే దొరకడం కష్టం. లేడీ స్టాఫ్ దగ్గర ఉండాలని మాత్రం ఎప్పుడైనా అడగొచ్చు. మా వైపు నుంచి ఒక మాట: రోజంతా ఇదే పని చేసేవాళ్ళకి మీ శరీరం గుర్తుండదు. గుర్తుండేది పేగు శుభ్రంగా ఉందా లేదా అన్నదే. నిజం.

అది గుర్తుండటానికి కారణం ఉంది. మొత్తం వ్యవహారంలో మీ చేతుల్లో ఉన్నది ప్రిపరేషన్, అంటే పరీక్షకి ముందు పేగు శుభ్రం చేసుకోవడం, ఒక్కటే, కష్టమైనదీ అదే. పరీక్ష గురించి భయపడి ప్రిపరేషన్‌ని తేలిగ్గా తీసుకుంటారు, జరగాల్సింది తలకిందులుగా. పేగులో మలం మిగిలితే చిన్న పాలిప్‌లు (పేగు లోపలి పొర మీద పెరిగే బుడిపెలు) కనపడవు, మరీ ఎక్కువ మిగిలితే ఆపేసి ఇంకో రోజు రమ్మంటారు, మళ్ళీ మొదటి నుంచి తాగాలి. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి పౌడరు సగం తాగి, "మోషన్స్ అయిపోయాయి కదా" అని రాత్రి పెరుగన్నం తిని వచ్చాడు. అరగంట ప్రయాణించి వచ్చినవాడు కాబట్టి సరిపోయింది, మీరు ఖమ్మం నుంచి రావాలి.

రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు తగ్గించండి. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు ఫరవాలేదు. ఆకుకూరలు, జామకాయ, టమాటా, వంకాయ గింజలు, నువ్వులు, రాగి జావ, పొట్టు పప్పులు వద్దు. గింజలు గొట్టంలో ఇరుక్కుని మమ్మల్ని ఏడిపిస్తాయి. ముందు రోజు పల్చటి ద్రవాలు మాత్రమే: కొబ్బరినీళ్ళు, బాగా వడగట్టిన చారు, పాలు లేని టీ, గుజ్జు లేని యాపిల్ రసం, ఓఆర్‌ఎస్. ఎరుపు, ఊదా రంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనపడి గందరగోళం. మజ్జిగ కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు, మీ ఆసుపత్రిని అడగండి. ఏకాదశి ఉపవాసాలు చేసేవాళ్ళకి ఈ రోజు పెద్ద లెక్క కాదు, నిజానికి వాళ్ళే మాకు బెస్ట్ పేషెంట్లు.

పౌడరు సంగతి. ఎక్కువగా ఇచ్చేది పెగ్‌లెక్ లాంటిది, రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగేది. కొంచెం ఉప్పగా, జిగటగా ఉంటుంది, మొదటి రెండు గ్లాసులు పర్లేదు, ఆ తర్వాత మొహం చిట్లించుకుంటారు. చల్లగా చేసుకోండి, నిమ్మరసం పిండుకోండి, స్ట్రాతో తాగితే నాలుకకి రుచి తక్కువ తగులుతుంది, మధ్యలో ఒక లవంగమో పటికబెల్లం ముక్కో బుగ్గన పెట్టుకోండి. పది పదిహేను నిమిషాలకి ఒక గ్లాసు చొప్పున. వికారం వస్తే అరగంట ఆగి మళ్ళీ మొదలుపెట్టండి, వాంతులు ఆగకపోతే ఫోన్ చేయండి, అంతేగానీ వదిలేయకండి. సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకి నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగమంటారు, అమెరికా గ్యాస్ట్రో సంఘాలు 2014లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇలా రెండు విడతలే మేలన్నాయి. పేగు కుడివైపు భాగం అలా తాగినవాళ్ళలోనే శుభ్రంగా ఉంటుందని రోజూ కళ్ళారా చూస్తున్నాం. తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేవాలి, విసుగే, అయినా లేవండి. చివరికి మోషన్ మూత్రంలా పసుపుగా, తేటగా వస్తే అయినట్టు. అన్నిసార్లు వెళ్తే మంట పుడుతుంది కాబట్టి మొదటి నుంచే కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాసుకోండి, గట్టిగా తుడవకండి.

మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ప్రయాణం. రెండో విడత తాగి ఖమ్మంలో బస్సెక్కకండి. ముందు రోజే హైదరాబాద్ చేరుకుని చుట్టాలింట్లోనో, ఆసుపత్రి దగ్గర గదిలోనో ఉండండి, బాత్రూమ్ గదిలోనే ఉందని చూసుకుని మరీ తీసుకోండి. మోకాళ్ళ నొప్పులుంటే వెస్టర్న్ కమోడ్ ఉన్న గది. అది కుదరకపోతే మధ్యాహ్నం స్లాట్ అడగండి.

మందులు, ఇది త్వరగా చెప్పేస్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు వాడుతుంటే వారం ముందు ఆపమంటారు, పేగు నల్లగా జిగటగా అవుతుంది. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరు, గ్యాస్ట్రో డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఉంటే ఆ రెండు రోజుల లెక్క రాయించుకోండి, తినకుండా మామూలు డోసు వేసుకుంటే షుగర్ పడిపోతుంది. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే పేర్లుంటే కచ్చితంగా చెప్పండి, వాటిని కొన్ని రోజుల ముందే ఆపుతారు. బీపీ మాత్ర మాత్రం చాలామందికి పొద్దున గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు, ఏమీ తినకూడదు కదా అని మానేసి, టెన్షన్‌తో పెరిగిన బీపీతో వచ్చి వెనక్కి వెళ్ళినవాళ్ళని చూశాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఏ పౌడరు, ఎన్ని కొబ్బరినీళ్ళు అన్నది కూడా అడిగే తీసుకోవాలి.

మత్తు గురించి. ఆపరేషన్‌కి గొంతులో గొట్టం వేసి ఇచ్చే మత్తు లాంటిది మామూలుగా ఉండదు. నరంలోకి మందు ఇస్తారు, ప్రొపోఫాల్ అయితే పాలలా తెల్లగా ఉంటుంది, మాటల మధ్యలోనే నిద్రలోకి జారిపోతారు, ఊపిరి మీ అంతట మీరే తీసుకుంటారు. ముక్కు దగ్గర ఆక్సిజన్, వేలికి క్లిప్పు, మత్తు డాక్టరు కళ్ళు ఆ మానిటర్ మీదే. గోళ్ళరంగు తీసేసి రండి, ఆ క్లిప్పు సరిగ్గా చదవాలి. పరీక్ష ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట. ఆ తర్వాత బాగానే ఉన్నట్టనిపిస్తుంది గానీ మెదడు ఇంకా పూర్తిగా తేరుకోదు. బుష్ 2002లోనూ 2007లోనూ, బైడెన్ 2021 నవంబరులోనూ, అమెరికా అధ్యక్షులుగా ఉండగా కొలనోస్కోపీ కోసం మత్తు తీసుకునే ముందు అధికారం కాసేపు ఉపాధ్యక్షులకి అప్పగించారు. బైడెన్ అప్పగించిన 85 నిమిషాలు కమలా హారిస్ ఆ బాధ్యతల్లో ఉన్నారు. వాళ్ళే అంత జాగ్రత్త పడితే, మనం ఆ రోజు స్కూటీ నడపకపోవడం, బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టకపోవడం పెద్ద కష్టం కాదు. వెంట ఒక మనిషి తప్పనిసరి, లేకపోతే మత్తు ఇవ్వరు.

రిస్క్ అసలు లేదని చెప్పను. అమెరికాలో లక్షణాలు లేనివాళ్ళకి స్క్రీనింగ్‌గా చేసిన లెక్కల్లో పది వేల మందిలో సుమారు ముగ్గురికి పేగుకి చిల్లు పడింది, పదిహేను మంది దాకా చెప్పుకోదగ్గ రక్తస్రావం జరిగింది. రక్తస్రావం ఎక్కువగా పాలిప్ తీసినప్పుడే. ఇంటికెళ్ళాక కడుపు నొప్పి పెరుగుతున్నా, పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, గడ్డలుగా రక్తం పోతున్నా ఆగకుండా వెనక్కి రండి. పాలిప్ తీసుంటే రెండు వారాల వరకూ ఈ జాగ్రత్త. మామూలు ఉబ్బరానికైతే అటూ ఇటూ నడవండి, గ్యాస్ పోనివ్వండి, రికవరీలో అందరూ అదే పని మీద ఉంటారు కాబట్టి మొహమాటపడకండి.

స్కానింగ్ చాలదా అన్నారు. పొట్ట మీద చేసే అల్ట్రాసౌండ్‌లో పేగు లోపలి పొర కనపడదు. సీటీ స్కాన్‌తో పెద్దపేగుని చూసే సీటీ కొలనోగ్రఫీ అని ఒకటుంది, దానికీ ఇదే ప్రిపరేషన్, మలద్వారం నుంచి గాలి పంపడం కూడా తప్పదు, అందులో ఏదైనా కనపడితే మళ్ళీ కొలనోస్కోపీకే రావాలి. మోషన్‌లో కంటికి కనపడని రక్తం కోసం చేసే టెస్టు ఏ లక్షణాలూ లేనివాళ్ళ కోసం. మీకు రక్తం కంటికే కనపడుతోంది, ఆ టెస్టు మీకు తెలిసిందే చెప్తుంది.

ఇక అసలు భయం. మీ రక్తానికి కారణం మొలలే కావచ్చు, ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) కావచ్చు, పేగు పూత కావచ్చు, పాలిప్ కావచ్చు. క్యాన్సర్ కూడా ఆ జాబితాలో ఉంది, దాచను. పాలిప్‌లలో కొన్ని రకాలే క్యాన్సర్‌గా మారతాయి, అది కూడా సాధారణంగా పదేళ్ళ వరకూ పట్టే ప్రయాణం, ఆ మధ్యలో ఎప్పుడు దొరికినా చాలావరకు అదే టేబుల్ మీద తీగ ఉచ్చు వేసి తీసేస్తారు. అంటే ఈ పరీక్ష రోగాన్ని చూపించడంతో ఆగదు, కొన్నిసార్లు అక్కడికక్కడే తెంచేస్తుంది. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళలో చాలామంది చెప్పే కథ ఒకటే: మొలలనుకున్నాం, బస్టాండు దగ్గర "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" బోర్డు చూసి వెళ్ళాం, అక్కడ ఏదో కట్టారు, ఏడాది గడిచింది. మీరు రెండు నెలల్లోనే సరైన డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అది చిన్న విషయం కాదు.

ఒకవేళ రిపోర్టులో "బయాప్సీ తీశాం" (ల్యాబ్ పరీక్షకి చిన్న ముక్క తీశాం) అని ఉంటే గుండె జారిపోనివ్వకండి. మన దగ్గర పేగు టీబీ ఉందేమోనని తీస్తారు, పేగు పూత ఏ రకమో తేల్చడానికి తీస్తారు, పైకి మామూలుగా కనపడే చోట కూడా తీస్తారు. స్కోపు రిపోర్టు అదే రోజు చేతికొస్తుంది, బయాప్సీకి కొన్ని రోజులు. మత్తులో ఉండగా డాక్టరు చెప్పింది మీకు గుర్తుండదు, కాబట్టి వెంట వచ్చినవాళ్ళని కూర్చోబెట్టుకుని వినండి, ఫోన్‌లో రాసుకోమనండి. పాలిప్ దొరికిందా, ఎన్ని, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఈ మూడూ అడిగి తీరాలి.

పీరియడ్స్ వస్తే వాయిదా అక్కర్లేదు. పరీక్షకి అడ్డం కాదు, లోపలికి వెళ్ళే ముందు సిస్టర్‌తో చెవిలో చెప్పండి చాలు, ప్యాడ్ ఒకటి ఎక్కువ తెచ్చుకోండి. గర్భం ఉండే అవకాశం ఏ మాత్రం ఉన్నా మాత్రం ముందే చెప్పాలి.